రెండు శోకాలు, ఒకే ఇల్లు: 'నష్టనీడ్' నుండి 'చారులత' వరకు

రవీంద్రనాథ్ ఠాగూర్ 'నష్టనీడ్' నవలిక 1901లో 'భారతి' పత్రికలో ధారావాహికగా వెలువడింది. (తెలుగువారి 'భారతి' 1924లో పుట్టింది. ఇది 1877లో ఠాగూర్ కుటుంబం కలకత్తాలో ప్రారంభించిన బెంగాలీ పత్రిక.) అరవై మూడేళ్ల తరువాత, 1964లో, సత్యజిత్ రాయ్ ఆ నవలికను 'చారులత' పేరుతో చలనచిత్రంగా మలిచాడు. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా దానికి రాష్ట్రపతి స్వర్ణపతకం దక్కింది. 1965 బెర్లిన్ చలనచిత్రోత్సవంలో రాయ్‌కు ఉత్తమ దర్శకుడిగా వెండి ఎలుగుబంటి పురస్కారం లభించింది. తన చిత్రాలన్నింటిలో మళ్లీ తీయవలసివస్తే ఏ మార్పూ లేకుండా తీసేది దీనినేనని రాయ్ పలు సందర్భాలలో చెప్పాడు.

ఈ రెండు కృతులపై వచ్చిన విమర్శ ప్రధానంగా రెండు దారులలో సాగింది. చారును ఒంటరి గృహిణిగా, తనలోని రచయిత్రిని కనుగొన్న నవీన స్త్రీగా చూసేది ఒకటి. కథ వెనుక కవి జీవితాన్ని వెదికేది మరొకటి. ఠాగూర్ వదిన కాదంబరీదేవి 1884లో, ఆయన వివాహమైన కొద్ది నెలలకే, ఆత్మహత్య చేసుకోవడం ఈ రెండో దారికి ఆధారం. ఆ విషాదాన్ని కథకు తాళంచెవిగా వాడినవారు చాలామంది. అయితే ఆ తాళంచెవితో తెరుచుకునేది రచయిత గదే తప్ప కథలోని ఇల్లు కాదు. ఆ ఇంట్లో భార్య మనసు మరొకరిపై నిలిచిందన్నది అందరూ గుర్తించిన విషయం. భర్త కూడా అదే సమయంలో ఒక శోకంలో ఉన్నాడన్నది అంతగా పట్టించుకోని విషయం. భూపతి తన పత్రికను, మనుషులపై తనకున్న నమ్మకాన్ని ఒకేసారి పోగొట్టుకున్నాడు. చారు అమల్‌ను పోగొట్టుకుంది. ఒకే కప్పు కింద, దాదాపు ఒకే వేళ మొదలైన ఈ రెండు శోకాలలో ఏ ఒక్కటీ రెండోవారితో చెప్పుకోదగినది కాలేదు. ఆ దాంపత్యం కూలింది ద్రోహం వల్ల కాదు, ఈ చెప్పుకోలేనితనం వల్లనే. ఠాగూర్ దీనిని ఒక విధంగా, రాయ్ మరొక విధంగా నిర్వహించారు. ఆ భేదమే ఇక్కడ పరిశీలనాంశం.

కథాంశం క్లుప్తంగా ఇది. భూపతి సంపన్నుడు, సంపాదించవలసిన అవసరం లేనివాడు. సొంత ధనంతో ఆంగ్ల వార్తాపత్రిక నడుపుతుంటాడు. బాల్యంలో పెళ్లాడిన భార్య ఎప్పుడు యౌవనంలో అడుగుపెట్టిందో ఆయన గమనించలేదు. పత్రిక లెక్కలు చూసేది చారు అన్న. నవలికలో అతడు ఉమాపతి, సినిమాలో ఉమాపద. అతడి భార్య మందాకిని. ఆ ఇంట్లో ఉండి చదువుకునే బంధువు అమల్. చారు, అమల్ కలిసి సాహిత్యం చదువుతారు, రాస్తారు, పోట్లాడుకుంటారు. అన్న నమ్మకద్రోహంతో భూపతి పత్రిక దెబ్బతింటుంది. అమల్ ఆ ఇల్లు విడిచిపోతాడు. ఆపై మిగిలింది భార్యాభర్తలిద్దరే.

ఇక్కడ బంధుత్వాన్ని గురించి ఒక మాట. అమల్ భూపతికి మేనత్త కొడుకు. బెంగాలీ వరుసలలో అతడు తమ్ముడే అవుతాడు. చారుకు మరిది. వదినామరుదుల మధ్య చనువు, పరిహాసం అక్కడి సమాజం అంగీకరించినవి. తెలుగు వరుసలలో మేనత్త కొడుకు బావ లేదా బావమరిది. భర్తకు బావమరిది వరుసైనవాడు భార్యకు అన్నో తమ్ముడో అవుతాడు. నవలికను తెలుగు చేసేవారు బంధుత్వాన్ని యథాతథంగా దించితే కథ పునాదే కదులుతుంది. 'మరిది' అని ఊరుకోవడమే ఉచితం.

నష్ట శబ్దం

శీర్షికలోని మాటలు రెండూ తెలుగు పాఠకుడికి తెలిసినట్టే ఉండి తప్పుదారి పట్టిస్తాయి. 'నీడం' సంస్కృతంలో పక్షిగూడు. అమరకోశం దానిని 'కులాయం'తో కలిపి చెప్పింది. తెలుగు 'నీడ'తో దానికి సంబంధం లేదు. అయినా చెవికి అదే తడుతుంది, ఇంటి నీడ అనే అర్థం కూడా ఒదిగిపోతుంది. అసలు చిక్కు 'నష్ట' శబ్దంతో. బెంగాలీ వాడుకలో పాలు విరిగినా, సమయం వృథా అయినా, ఆడదాని నడత చెడిందని లోకం అనుకున్నా ఆ మాటే. అంటే చెడిపోవడం. తెలుగులో ఆ అర్థం చాలావరకు వెనకబడి, 'నష్టం' అనగానే వ్యాపారం, పంట, డబ్బు గుర్తుకొస్తాయి. ఆంగ్లానువాదకులు 'విరిగిన గూడు' అన్నారు. ఆ మాటలో ఒక దెబ్బ ఉంది, కూలిన క్షణం ఉంది. బెంగాలీ శీర్షికలో క్షణం లేదు. పాలు విరిగినట్టుగా ఎప్పుడు మొదలైందో తెలియని చెడు అది. విచిత్రమేమంటే తెలుగు అర్థం కూడా ఈ కథకు నప్పుతుంది. భూపతి వైపు నుండి చూస్తే ఇది లెక్కల పుస్తకంలో బయటపడిన నష్టంతో మొదలైన కథ.

1879

నవలిక తన కాలాన్ని తేదీలతో చెప్పదు. సినిమా చెబుతుంది: 1879, కలకత్తా. రాయ్ చేసిన చేర్పులలో ఇది ముఖ్యమైనది. 1878లో లిట్టన్ ప్రభుత్వం దేశభాషా పత్రికల చట్టం తెచ్చింది. ఆంగ్ల పత్రికలకు ఆ చట్టం వర్తించదు. 'అమృతబజార్ పత్రిక' బెంగాలీని వదిలి పూర్తిగా ఆంగ్లపత్రికగా మారింది ఆ ఏడే. సురేంద్రనాథ్ బెనర్జీ 'బెంగాలీ' అనే ఆంగ్లపత్రికను చేపట్టింది 1879లో. 1880 బ్రిటిష్ ఎన్నికలలో గ్లాడ్‌స్టన్ నాయకత్వాన లిబరల్ పక్షం గెలిచింది. 1882లో, రిప్పన్ హయాంలో, ఆ చట్టం రద్దయింది. భూపతి 'సెంటినెల్' పత్రిక ఈ గాలిలో పుట్టినది. లిబరల్ విజయాన్ని ఆయన స్నేహితులతో తన ఇంట్లో పండుగగా జరుపుకొంటాడు. తన ఓటు లేని ఎన్నికలో గెలిచినవారి కోసం ఒక బెంగాలీ పెద్దమనిషి విందు చేయడంలోని వ్యంగ్యాన్ని రాయ్ నొక్కి చెప్పలేదు. భూపతిని వెక్కిరించడం ఆయన ఉద్దేశం కాదు. ఆ ఉత్సాహం నిజమైనది, అందుకే అది పోయినప్పుడు కలిగే దుఃఖమూ నిజమైనదే.

ఈ చరిత్రలో దాంపత్యానికి సంబంధించిన అంశం భాష. బయటి గదులలో అచ్చుయంత్రం, ఆంగ్లం, రాజకీయం. లోపలి గదులలో పుస్తకాల అలమార, బెంగాలీ, బంకించంద్రుడు. సినిమా తొలి నిమిషాలలో చారు ఒక పుస్తకం తీసుకుంటుంది. అది 1866 నాటి 'కపాలకుండల'. భూపతికి నవలలంటే ఆసక్తి లేదు. రాజకీయమే సజీవమైనదని ఆయన నమ్మకం. ఒకే ఇంట్లో భర్త ఒక భాషలో, భార్య మరొక భాషలో ఆలోచిస్తున్నారు. ఇది చెడ్డ దాంపత్యం కాదు. భూపతి భార్యను చదువుకోనిచ్చాడు, ఎన్నడూ గద్దించలేదు. సంస్కరణయుగం ఆదర్శంగా చూపిన భర్త ఎలా ఉండాలో అలాగే ఉన్నాడు.

ఆ ఆదర్శం బెంగాల్‌కు మాత్రమే చెందినది కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని', 1883లో స్త్రీల కోసం 'సతీహితబోధిని' ప్రారంభించాడు. భార్య చదువుకుంటే భర్తకు తగిన సహచరి అవుతుందన్న వాదం గోదావరి తీరంలోనూ గంగా తీరంలోనూ ఒకేలా వినిపించింది. చదువుకున్న భార్య ఏం చదువుతుందో, చదివినదాన్ని ఎవరితో పంచుకుంటుందో ఆ వాదం పెద్దగా అడగలేదు. ఠాగూర్ నవలిక అడిగింది అదే.

పరామర్శకు నోచుకోని దుఃఖం

భూపతి శోకాన్ని ముందుగా చూడాలి. విమర్శలో వెనుకపడినది అదే కాబట్టి.

పత్రిక ఆయనకు వ్యాపారం కాదు. బిడ్డలు లేని ఆ ఇంట్లో ఆయన ప్రేమించి పెంచినది అదొక్కటే. చారు దానిని సవతిగా చూసిందని చెప్పడం విమర్శలో పరిపాటి. బిడ్డగా చూడడం కథకు ఇంకా దగ్గరగా ఉంటుంది. దానిని ఎవరి చేతిలో పెట్టాడో ఆ బావమరిదే దానిని ముంచాడు. డబ్బు పోవడం ఆయనను అంతగా కుంగదీయలేదు. నమ్మినవాడు అబద్ధమాడాడన్నది కుంగదీసింది. సినిమాలో ఆయన ఈ మాట చెప్పుకునేది అమల్‌తో. ఆ ఘట్టాన్ని రాయ్ నిర్వహించిన తీరు గొప్పది. ఇకపై నమ్మదగినవారు ఎవరని బాధపడుతున్న మనిషి ఎదురుగా కూర్చుని, చారు మనసు అప్పటికే తెలిసిన యువకుడు మౌనంగా వింటాడు. అమల్ ఆ రాత్రి ఇల్లు విడిచిపోవడానికి వేరే కారణం చూపవలసిన అవసరం లేదు. తాను రెండో ఉమాపదగా మారబోతున్నానని అతడికి అర్థమైంది.

అయితే భూపతి ఆ దుఃఖాన్ని భార్యతో ఎందుకు చెప్పుకోలేదు? ద్రోహం చేసినవాడు ఆమెకు తోడబుట్టినవాడు, అది ఒకటి. పత్రిక గురించి ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు కనుక దాని మరణం గురించి మాట్లాడటానికి భాష లేకపోవడం రెండోది. సుఖంలో పంచుకోని విషయాన్ని దుఃఖంలో పంచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

మన సమాజాలలో మరణానికి ఒక క్రమం ఉంది. మైల దినాలు, కర్మకాండ, ఇంటికొచ్చి పరామర్శించే బంధుమిత్రులు, గట్టిగా ఏడవడానికి అనుమతి, ఏడుపు ఆపడానికి ఒక గడువు. ఆ క్రమం దుఃఖాన్ని తగ్గించలేకపోవచ్చు కానీ ఫలానా వారు దుఃఖంలో ఉన్నారని ఇంట్లోవారికీ ఊరివారికీ తెలియజేస్తుంది. మూతబడిన పత్రికకు పరామర్శ లేదు. విదేశానికి వెళ్లిన మరిదికి అసలే లేదు. ఈ కథలో ఎవరూ చనిపోలేదు. అందుకే ఎవరి దుఃఖమూ గుర్తింపు పొందలేదు.

చారు శోకాన్ని చిత్రించడంలో నవలికది పైచేయి. నవలికలో అమల్‌కు బర్ధమాన్‌లో పెళ్లి కుదురుతుంది. మామగారి ఖర్చుతో అతడు ఇంగ్లండు వెళతాడు. ఆ తరువాతి భాగమంతా చారు దుఃఖ చరిత్రే. ఠాగూర్ దానిని తొందర లేకుండా, రోజు వెంట రోజుగా రాశాడు. మొదట ఆమెకే అది శోకమని తెలియదు. ఉత్తరం రాలేదన్న చికాకుగా, అలకగా ఉంటుంది. తరువాత దానితో పోరాడుతుంది. చివరకు లొంగిపోయి, ఇంటి పనులన్నిటి అడుగున ఒక సొరంగం తవ్వుకున్నట్టుగా, అక్కడ ఎవరికీ కనిపించని చీకటిలో తన దుఃఖానికి గుడి కట్టుకున్నట్టుగా బతుకుతుంది. పైకి ఆమె మునుపటికంటే మంచి ఇల్లాలు. భర్తకు సేవలో లోటు రాదు. ఈ వైచిత్రి ఠాగూర్ పరిశీలనలోకెల్లా సూక్ష్మమైనది. శోకం ఆమెను గృహధర్మం నుండి తప్పించలేదు, అందులోనే దాచింది. సేవ పెరిగినకొద్దీ దూరం పెరిగింది.

భూపతి వైపు నుండి సరిగ్గా ఇదే సమయంలో మరొకటి జరుగుతుంది. పత్రిక పోయాక ఆయనకు ఇల్లు గుర్తొస్తుంది. ఇన్నాళ్లూ నిర్లక్ష్యం చేసిన భార్య దగ్గర ఓదార్పు వెదుక్కుంటాడు. ఆమెకు ఇష్టమైనది సాహిత్యం కనుక తానూ బెంగాలీలో రాయడం మొదలుపెడతాడు. ఆయన ఉద్దేశం ఎంత మంచిదో ఫలితం అంత క్రూరమైనది. సాహిత్యం చారుకు అమల్‌తో కలిసి కట్టుకున్న చోటు. ఇప్పుడది ఆమె విలాపస్థలం. భర్త తన దుఃఖం మరచిపోవడానికి సరిగ్గా ఆమె దుఃఖించే చోటికే వచ్చి కూర్చున్నాడు. ఆయనకు అది తెలియదు. ఆమె చెప్పలేదు. నగలు కుదువపెట్టి, జవాబు ఖర్చు కూడా ముందే కట్టి, అమల్ క్షేమం అడుగుతూ చారు రహస్యంగా పంపిన తంతికి జవాబు భూపతి చేతిలో పడినప్పుడు విషయం బయటపడుతుంది. భూపతి తన బెంగాలీ రాతలను పొయ్యిలో పడవేస్తాడు. ఆ రాతలు కాలడం పగ కాదు. తాను అడుగుపెట్టిన చోటు ఎవరిదో తెలిసి, లేచి వెళ్లిపోవడం.

ప్రాచీన రసచర్చ ఇక్కడ కొంత సహాయపడుతుంది. కరుణకు, విప్రలంభ శృంగారానికి భేదం చెబుతూ భరతుడు మొదటిది నిరపేక్షభావమని, రెండోది సాపేక్షభావమని నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో నిర్ణయించాడు. తిరిగి కలుస్తామన్న ఆశ ఉంటే విప్రలంభం, లేకుంటే కరుణ. చారు స్థితి ఈ రెండింటి మధ్య వేలాడుతుంది. మనిషి బతికే ఉన్నాడు, కనుక ఆశ పూర్తిగా చావదు. ఆశించడానికి హక్కు లేదు, కనుక దానిని ఆశ అని ఒప్పుకోలేదు. తంతి పంపిన నాడు ఆమె సాపేక్ష. జవాబు భర్తకు చేరిన నాడు నిరపేక్ష. అన్యాసక్త రతిని అనౌచిత్యంగా భావించి రసాభాసమన్న ఆలంకారికుల తీర్పు ఇక్కడ నిలవదు. ఠాగూర్ ఆమెను దోషిగా నిలబెట్టలేదు, సమర్థించనూ లేదు. ఆమె దుఃఖాన్ని దుఃఖంగానే చూపాడు.

రాయ్ చేసిన మార్పు

సినిమాలో అమల్ పెళ్లి, ఇంగ్లండు ప్రయాణం, తంతి ఇవేవీ లేవు. బర్ధమాన్ సంబంధం ప్రస్తావనగానే వస్తుంది. అమల్ వెళ్లాక మిగిలినది కొద్ది ఘట్టాలే. నవలికలో సుదీర్ఘంగా సాగిన శోకాన్ని రాయ్ కుదించినట్టు కనిపిస్తుంది. చిత్రం విడుదలైన ఏడే బెంగాలీ పత్రిక 'పరిచయ్'లో అశోక్ రుద్ర ఈ మార్పులను ఆక్షేపించాడు. రాయ్ అదే పత్రికలో వివరంగా సమాధానం రాశాడు. ఆ వివాదం మూలవిధేయత చుట్టూ తిరిగింది. ఏ ఘట్టం ఉంది, ఏది లేదు అన్న లెక్క దానిలో ఎక్కువ. అయితే రాయ్ శోకాన్ని కుదించలేదు, దాని చోటు మార్చాడు.

తొలి ఘట్టాన్నే తీసుకుంటే, దాదాపు మాటలు లేకుండా సాగే ఆ నిమిషాలలో చారు భర్త పేరులోని తొలి అక్షరాన్ని రుమాలుపై ఆంగ్లంలో కుడుతుంది. చేతి దుర్భిణితో కిటికీ రెక్కల సందులనుండి వీధిలోని మనుషులను చూస్తుంది. భూపతి పుస్తకంలో తల దూర్చి ఆమె పక్క నుండే వసారాలో నడిచిపోతాడు, చూడడు. ఆమె అదే దుర్భిణితో ఆయన వీపును చూస్తుంది. పోగొట్టుకోవడానికి ముందే ఉన్న పోయినతనం అది. అమల్ రాక దానిని కొంతకాలం మరపించింది, పోక దానిని తిరిగి తెచ్చింది. నవలికలో శోకం అమల్ వెళ్లాక పుడుతుంది. సినిమాలో అది అమల్ రాకముందే ఇంట్లో ఉంది. సుబ్రత మిత్ర ఛాయాగ్రహణం, బంశీ చంద్రగుప్త నిర్మించిన గదులు, వసారాలు ఈ భావానికే ఒదిగాయి. అంత సామానుతో నిండిన ఇల్లు అంత ఖాళీగా కనిపించడం సామాన్యమైన పని కాదు.

(తోటలో ఉయ్యాల ఊగుతూ చారు పాడే పాట ఠాగూర్ 'కాలమృగయ'లోనిది. ఆ గేయనాటిక 1882 నాటిది, కథ దానికంటే ముందు నడుస్తోంది. కాలంతో నిక్కచ్చిగా ఉన్న దర్శకుడు ఇక్కడ ఉదారంగా ఉండడం తప్పుగా కాక మొక్కుగా తీసుకోవచ్చు.)

మరో మార్పు ఇంతకంటే ముఖ్యమైనది. పత్రిక పోయాక, అమల్ వెళ్లాక, భార్యాభర్తలు సముద్రతీరానికి వెళతారు. అక్కడ పత్రికను మళ్లీ మొదలుపెట్టే మాట వస్తుంది. ఈసారి రెండు భాషలలో తెద్దామని, రాజకీయం ఆంగ్లంలో భర్తది, బెంగాలీ భాగం తనదని చారు సూచిస్తుంది. భూపతి సంతోషిస్తాడు. పైకి ఇది వారి దాంపత్యంలో తొలి నిజమైన సంభాషణ. నవలికతో కలిపి చూస్తే దీని వెనుకనున్న తిరగేత తెలుస్తుంది. నవలికలో భర్త భార్య విలాపస్థలమైన సాహిత్యంలోకి వెళ్లాడు. సినిమాలో భార్య భర్త విలాపస్థలమైన పత్రికలోకి వస్తోంది. రెండు ప్రయత్నాలూ నిజాయితీ గలవే. రెండింటిలోనూ ఒకరి శోకం మాత్రమే మాటల్లోకి వచ్చింది, రెండోది దాగి ఉంది. చారు భర్త నష్టానికి మందు చెప్పింది, తన నష్టం గురించి నోరెత్తలేదు. ఇంటికి తిరిగివచ్చాక అమల్ ఉత్తరం ఆ ఒక్క కొరతపైనే దెబ్బ కొడుతుంది. ఆమె కుప్పకూలి ఏడవడం భూపతి చూస్తాడు. నవలికలో నెలల తరబడి ఆమె దాచినది సినిమాలో కొన్ని క్షణాలలో ఆయన కంటబడింది. భూపతి మాట్లాడకుండా బయటికి వెళ్లి, బండిలో ఒంటరిగా తిరుగుతూ కన్నీరు పెట్టుకుంటాడు. ఆయన ఏడ్చినది బయట, ఆమె ఏడ్చినది లోపల. ఇద్దరూ కలిసి ఏడ్చిన దృశ్యం ఈ చిత్రంలో లేదు.

ఉత్తరం గురించి ఆగి చెప్పవలసినది ఒకటుంది. తెలుగులో ఆధునిక కథానికకు మైలురాయిగా భావించే గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వెలువడింది, అంటే 'నష్టనీడ్' తరువాత తొమ్మిదేళ్లకు. అందులోనూ చదువు నేర్చిన భార్య ఉంది, ఇంటికి వేళకు రాని సంస్కర్త భర్త ఉన్నాడు, ఒక ఉత్తరం ఉంది. కమలిని రాసిపెట్టిన ఉత్తరం గోపాలరావును దారికి తెస్తుంది, కథ నవ్వుతో ముగుస్తుంది. భార్య అక్షరజ్ఞానం దాంపత్యాన్ని నిలబెట్టగలదన్న నమ్మకం ఆ నవ్వులో ఉంది. కలకత్తా ఇంట్లో ఆ జ్ఞానమే ఉంది, కానీ ఉత్తరాలు, తంతులు భార్యాభర్తల మధ్య నడవలేదు. చారు భర్తకు ఉత్తరం రాయవలసిన అవసరమే రాలేదు, ఆయన ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నాడు. గురజాడ ఆశాభావాన్ని తక్కువ చేయనవసరం లేదు. ఆయన భర్త తప్పును దిద్దదలిచాడు. చారు కథలో దిద్దడానికి తప్పంటూ దొరకదు.

రెండు ముగింపులు

నవలిక చివర భూపతికి మైసూరులో ఒక పత్రిక సంపాదకత్వం దొరుకుతుంది. పోయిన బిడ్డకు బదులు మరొకరి బిడ్డ. తననూ తీసుకువెళ్లమని చారు అడుగుతుంది. ఆమెను అమల్ జ్ఞాపకం నుండి తప్పించడానికి కాదు, ఆ జ్ఞాపకం నిండిన ఇంట్లో ఒంటరిగా మిగలలేక అడుగుతోందని భూపతికి తెలుసు. మనసు మరొకచోట ఉన్న మనిషిని పక్కన పెట్టుకుని దూరదేశంలో బతకడం ఊహించి ఆయన వెనుకాడుతాడు. ఆమె ముఖం పాలిపోవడం చూసి, రమ్మంటాడు. అప్పుడు చారు నిరాకరిస్తుంది.

సినిమాలో ఈ క్రమం తలకిందులైంది. భూపతి గుమ్మం దాకా తిరిగివస్తాడు. లోపలికి రమ్మని పిలిచేది, చేయి ముందుగా చాచేది చారు. ఆయన చేయి సంకోచంగా ముందుకు వస్తుంది. రెండు చేతులూ కలవకముందే చిత్రం కదలడం ఆగుతుంది. స్థిరచిత్రంతో ముగించడం 1959లో త్రుఫో 'నాలుగు వందల దెబ్బలు'లో ప్రసిద్ధమైన పద్ధతే, దాని ప్రభావాన్ని రాయ్ దాచలేదు. అయితే అక్కడ ఒక బాలుడి ముఖం ఆగింది. ఇక్కడ ఆగినది ఇద్దరి మధ్య మిగిలిన దూరం. కెమెరా వెనక్కి తగ్గినకొద్దీ ఒకదాని తరువాత ఒకటిగా ఆగిన బొమ్మలు వస్తాయి. చారు ముఖం, భూపతి ముఖం, దీపం పట్టుకుని నిలబడ్డ పనివాడు. ఆ పనివాడిని ఎవరూ పట్టించుకోరు. కానీ ఈ శోకానికి ఇంట్లో ఉన్న సాక్షి అతడొక్కడే. సినిమా పొడుగునా 'చారులత'గా ఉన్న కథ తెరపై ఠాగూర్ పెట్టిన పేరును చివర తిరిగి పొందుతుంది: 'నష్టనీడ్'.

చేతులు కలుస్తాయని కొందరు, కలవవని కొందరు వాదించారు. ఆ చర్చ కంటే పిలిచింది ఎవరన్నది ప్రధానం. నవలికలో భర్త పిలిచాడు, అది జాలితో పిలిచిన పిలుపు, భార్య దానిని స్వీకరించలేదు. సినిమాలో భార్య పిలిచింది. ఆయన చూశాడని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసునని ఆమెకు తెలుసు. ఈ ఒక్క చోట మాత్రమే ఒకరి దుఃఖం మరొకరికి తెలిసిన స్థితిలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ మేరకు రాయ్ ముగింపు ఠాగూర్ ముగింపు కంటే మెత్తనిది. మెత్తనిది కాబట్టే కొందరికి తక్కువగా తోచింది.

నవలికలో చారు చివరి మాట 'థాక్'. ఆంగ్లంలో దానికి సమానార్థకం దొరకక అనువాదకులు తలో విధంగా తంటాలు పడ్డారు. తెలుగులో 'వద్దు' అంటే అది తిరస్కారం అవుతుంది. చారు తిరస్కరించలేదు. బెంగాలీలో ఆ క్రియకు మూలార్థం ఉండడం, మిగలడం. తెలుగులో 'ఉండనీ' అంటే సరిపోతుంది. ప్రయాణం సంగతి ఉండనీ అని ఒక అర్థం, నన్ను ఇక్కడే ఉండనీ అని మరొక అర్థం. మైసూరు వెళ్లేవాడు వెళతాడు, ఆ గూట్లో ఉండిపోయేది ఆమె.